సుత్తి తీసే ముందు మసి పూయండి

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట కొన్న ఎయిర్ రైఫిల్ ఒకటి ఇంట్లో ఉంది. బారెల్‌ను కిందికి విరిచి బిగించే స్ప్రింగు రకం, 4.5 మి.మీ.ది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఈమధ్యే షూటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. తాతయ్య తుపాకీతోనే సాధన చేస్తానంటే, బాగు చేద్దామని విప్పాను. లోపల తోలు వాషరు ఎండి పెచ్చులుగా ఊడింది, స్ప్రింగు వంగిపోయింది. రెండూ కొత్తవి తెప్పించాను. తిరిగి బిగించబోతే మూడు చోట్ల ఇబ్బంది. కొత్త వాషరు సిలిండర్‌లోకి దిగడం లేదు. వెనక ట్రిగ్గర్ బ్లాకును పట్టి ఉంచే రెండు అడ్డపిన్నుల్లో ఒకటి దూరడం లేదు, కొడితే సగంలో ఆగింది. చెక్క స్టాకులో కూడా ఇనుప భాగం పూర్తిగా కూర్చోవడం లేదు. మా వీధిలో లేతు షాపు ఉన్న మిత్రుడు ‘పిన్ను ఒక అర మిల్లీమీటరు తగ్గిస్తే సరి’ అంటున్నాడు. తగ్గించమంటారా? పిన్నునా, రంధ్రాన్నా? స్ప్రింగు వెనక రెండు వాషర్లు వేస్తే దెబ్బ బలం పెరుగుతుందని కూడా అతనే చెప్పి వాషర్లు ఇచ్చాడు. వేయవచ్చా?
— విజయనగరం జిల్లా పాఠకుడు

సమాధానం:

ముందుగా ఆ సగంలో ఆగిన పిన్నును అలాగే వదిలేసి సుత్తిని ఇంకో గదిలో పెట్టి రండి. మీ ఉత్తరంలో ‘కొడితే’ అన్న మాట చదివినప్పటి నుంచి నాకు ఆ పిన్ను గురించే బెంగగా ఉంది.

పిన్నునా, రంధ్రాన్నా అని అడిగారు. రెండింటినీ కాదు. ఎందుకో చెప్పాలంటే నా సొంత చరిత్ర కొంచెం విప్పక తప్పదు. నేను ఫిట్టరుగా అప్రెంటిసు చేస్తున్న రోజుల్లో ఒక అచ్చుకు, రెండు భాగాలను కదలకుండా ఒకే వరసలో నిలిపే డోవెల్ పిన్ను బిగించమని ఇచ్చారు. దూరలేదు. మేస్త్రి భోజనానికి వెళ్లిన అరగంటలో దాన్ని ఎమెరీ కాగితంతో రుద్ది రుద్ది దూర్చేశాను, గొప్ప పని చేసినట్టు నిలబడ్డాను. ఆయన వచ్చి పిన్నును వేళ్లతోనే బయటికి లాగి, రంధ్రంలోకి ఒక దూది ఉండను తోసి, తీసి, దీపం కింద పెట్టి చూపించారు. దూదికి గోరు చివరంత ఇనుప పొట్టు ఒకటి అంటుకుని ఉంది. అడ్డుపడింది అది. పిన్ను అసలు కొలతలోనే ఉంది, నేను రుద్దేదాకా. ఆయన తిట్టలేదు. కొత్త పిన్ను ధర నా స్టైపెండ్‌లో కోసుకోమని మాత్రం గుమాస్తాకు చెప్పారు. అప్పటి నుంచి ఏది బిగుతుగా ఉన్నా మొదట దూది కోసం వెతుక్కుంటాను.

మీ మిత్రుడి అర మిల్లీమీటరు లెక్క చూద్దాం. 6 మి.మీ. పిన్ను, దానికి తగిన రంధ్రం అనుకోండి. యంత్రాల పనిలో సాధారణంగా వాడే జారుడు కొలతల ప్రకారం రంధ్రం 6.000 నుంచి 6.012 మధ్య ఉండవచ్చు, పిన్ను 5.992 నుంచి 6.000 మధ్య ఉండవచ్చు. అంటే రెండింటి మధ్య ఖాళీ ఎక్కువలో ఎక్కువ 0.02 మి.మీ. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. మీ ముప్పై ఏళ్ల తుపాకీని ఇంత నిక్కచ్చిగా చేసి ఉండకపోవచ్చు, నిజమే. అయినా అర మిల్లీమీటరు అంటే ఆ ఖాళీకి పాతిక రెట్లు. అంత తగ్గించిన పిన్ను దూరడమే కాదు, లోపల గిలకలాడుతుంది. గుండు పేల్చిన ప్రతిసారీ స్ప్రింగు దెబ్బకు రంధ్రం అంచును కొద్దికొద్దిగా తింటుంది. ఏడాది తిరిగేసరికి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పుడు బాగు చేయడానికి పిన్ను చాలదు, సిలిండరే మార్చాలి.

పైగా ఆ పిన్ను విప్పేటప్పుడు బయటికి వచ్చింది కదా. ముప్పై ఏళ్లు అదే రంధ్రంలో ఉన్న పిన్ను ఒక్క రాత్రిలో లావెక్కదు. మారింది ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటన్నదే మీరు వెతకవలసింది.

నా అనుమానాలు మూడు. మొదటిది, మీరు కొట్టిన దెబ్బకు పిన్ను మొన పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది. ఉక్కు పిన్ను తలమీద సుత్తి నేరుగా తగిలితే అంచు కొద్దిగా బయటికి పొంగుతుంది. కంటికి కనబడదు, గోటికి తగులుతుంది. పొంగిన పిన్నును ఇంకా కొడితే ఇంకా పొంగుతుంది, ఇంకా బిగుస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. రెండోది, కొన్ని పిన్నులకు ఒక చివర సన్నటి గాట్లు ఉంటాయి, బయటికి జారిపోకుండా పట్టు కోసం. అలాంటి పిన్నుకు దిక్కు ఉంటుంది. గాట్లున్న చివర ఆఖరున దూరాలి. తిప్పి పెడితే మొదటి నుంచే మొరాయిస్తుంది. మూడోది, నా అనుభవంలో నూటికి తొంభైసార్లు ఇదే కారణం: బ్లాకులోని రంధ్రమూ సిలిండర్‌లోని రంధ్రమూ ఒకే వరసలో లేవు. ముందు నుంచి స్ప్రింగు నెడుతూ ఉంటే బ్లాకు వెంట్రుకవాసి వెనక్కి ఉన్నా, కాస్త పక్కకు తిరిగి ఉన్నా పిన్నుకు గోడ ఎదురవుతుంది. మొదటి పిన్ను దూరి రెండోది ఆగిందంటే బ్లాకు మొదటి పిన్ను చుట్టూ తిరిగి ఉందని నేను పందెం కాస్తాను.

ఇది తేల్చుకోవడానికి ఒక్క పని చేయండి. స్ప్రింగు, అది ముందుకు నెట్టే పిస్టన్ (తోలు వాషరు బిగించేది దీనికే) రెండూ పక్కన పెట్టి ఖాళీ సిలిండర్‌లోకి బ్లాకును ఒక్కదాన్నే జార్చి, రెండు పిన్నులూ వేళ్లతో దూర్చి చూడండి. హాయిగా దూరితే పిన్నుకూ రంధ్రానికీ ఏ దోషమూ లేదు, స్ప్రింగు ఒత్తిడిలో వరస కుదరకపోవడమే అసలు సంగతి. అప్పుడూ దూరకపోతే దూది పంపండి, పాత గ్రీజు, తుప్పు తుడవండి, పిన్ను అంచును సన్నటి సానరాయి మీద వాలుగా పెట్టి ఒక్క చుట్టు తిప్పండి. పొంగు పోతుంది. పిన్ను నడుము జోలికి వెళ్లవద్దు. ఇలా స్ప్రింగు లేకుండా ఒకసారి అన్నీ కూర్చి చూసుకోవడం మొదటి రోజే చేయవలసింది. వీడియోల్లో దీన్ని చూపించరు, చూడటానికి విసుగు కాబట్టి.

చాలామంది పిన్నును ఫ్రిజ్‌లో పెడితే చిక్కుతుందని చెబుతారు. లెక్క వేయండి. ఉక్కు ఒక డిగ్రీకి తన కొలతలో పది లక్షల్లో పన్నెండు వంతుల దాకా మారుతుంది. 32 డిగ్రీల గదిలోంచి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టారనుకుంటే 50 డిగ్రీల తేడా. 5 మి.మీ. పిన్ను తగ్గేది 0.003 మి.మీ. మీరు దాన్ని వంటగది నుంచి హాల్లోకి తెచ్చేలోపు అదీ తిరిగి వచ్చేస్తుంది, పైగా చెమ్మ పట్టి తుప్పుకు దారి చూపుతుంది. పెద్ద బేరింగులకు ఈ చిట్కా పనికొస్తుంది, అగ్గిపుల్లంత పిన్నులకు కాదు. రంధ్రం పక్కన మంట పెట్టి వేడి చేయడం అంతకంటే పెద్ద తప్పు. ట్రిగ్గర్ భాగాలు నీరు పోసి గట్టి చేసిన ఉక్కువి. 300 డిగ్రీలకు అటూ ఇటూ ఉక్కు నీలం రంగుకు తిరుగుతుంది, అప్పటికే దాని గట్టిదనం కొంత పోయి ఉంటుంది. ట్రిగ్గర్ కొక్కెం మెత్తబడిన తుపాకీ తనంతట తాను పేలుతుంది.

ఆ కొక్కెం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పిస్టన్‌ను పట్టి ఉంచే ఆ కొక్కెం మొన, దానికి ఆనే గాడి, ఈ రెండు ముఖాల మీద ఆకురాయి గానీ ఎమెరీ గానీ పెట్టవద్దు. బిగుతుగా అనిపించినా సరే, గరుకుగా అనిపించినా సరే. అక్కడి కోణం ఒక్క డిగ్రీ మారితే ఏమవుతుందో మీ అమ్మాయి చేతిలో తెలుసుకోవలసిన పని లేదు.

ఇప్పుడు స్ప్రింగు. దీనితో ఉన్న ప్రమాదం గురించి మీరు అడగలేదు గానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఈ రకం తుపాకీలో బారెల్‌ను విరవనప్పుడు కూడా స్ప్రింగు కొన్ని సెంటీమీటర్లు నొక్కుకునే ఉంటుంది. బ్లాకును లోపల ఆపేవి ఆ రెండు పిన్నులే. ఒక పిన్ను సగం దూరి, రెండోది లేని స్థితిలో బ్లాకును ఎవరు ఆపుతున్నారు? మీ ఛాతీయా? చాలామంది సిలిండర్‌ను గోడకు ఆనించి బ్లాకును పొట్టతో నెడుతూ పిన్ను దూరుస్తారు. జారితే బ్లాకు పళ్లను రాలగొట్టేంత వేగంతో వస్తుంది. ఇప్పుడు మీ తుపాకీ ఆ స్థితిలోనే ఉంటే ముందు బ్లాకు వెనక నుంచి ఒత్తిడి పెట్టి, పిన్ను తీసి, స్ప్రింగును నెమ్మదిగా వదిలించండి. వడ్రంగులు తలుపుల చట్రాలు బిగించడానికి వాడే పొడవాటి ఇనుప క్లాంపు దొరికితే అదే సరిపోతుంది. సిలిండర్‌కు మందపాటి గుడ్డ చుట్టి, క్లాంపు ఒక దవడ ముందు వైపు, రెండోది బ్లాకు వెనక ఒక చెక్కముక్క అడ్డుపెట్టి బిగించాలి. మరను తిప్పుతున్నంతసేపూ మీ ముఖం దాని వరసలో ఉండకూడదు, ఇంట్లో ఇంకెవరూ ఆ వైపు నిలబడకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి. చదువుకునే కళ్లద్దాలు చాలవు, గ్రైండింగ్ పనికి వాడేవి కొనుక్కోండి.

ఈ క్లాంపులో ఉంచే పిన్నులు దూర్చాలి. పద్ధతి ఇది. పిన్నుకంటే వెంట్రుకవాసి సన్నగా, మొన సన్నబడి ఉన్న ఒక ఉక్కు కడ్డీని ఎదురు వైపు నుంచి దూర్చి రంధ్రాల వరస పట్టుకోండి. క్లాంపు మరను పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ ఉంటే ఒకచోట కడ్డీ ఒక్కసారిగా వదులవుతుంది. వరస కుదిరిన క్షణం అది. అప్పుడు ఇటు నుంచి అసలు పిన్నును వేలితో తోస్తే అది కడ్డీని వెనక్కి నెట్టుకుంటూ వెళ్లిపోతుంది. సుత్తి కావలసి వస్తే వరస ఇంకా కుదరలేదని అర్థం, మరను మళ్లీ తిప్పండి. చివరి మిల్లీమీటరుకు మాత్రం, అదీ గాట్లున్న పిన్ను అయితే, ఇత్తడి కడ్డీ అడ్డుపెట్టి చిన్న సుత్తితో రెండు తట్లు తట్టవచ్చు.

బిగించే ముందు కొత్త స్ప్రింగును కూడా ఒక కంట కనిపెట్టండి. పాతది కుంగిపోయి ఉంటుంది కాబట్టి కొత్తది కొంత పొడవుగా ఉండటం సహజం. చూడవలసింది అది కాదు. స్ప్రింగు చుట్లు లెక్కపెట్టి తీగ మందంతో హెచ్చించండి. 30 చుట్లు, 3 మి.మీ. తీగ అయితే 90 మి.మీ. చుట్టుకు చుట్టు ఆనుకుపోయినప్పటి పొడవు అది. బారెల్‌ను పూర్తిగా విరిచి పిస్టన్ వెనక్కి వచ్చినప్పుడు స్ప్రింగుకు మిగిలే చోటు అంతకంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఎంత బలంతో విరిచినా కొక్కెం పడదు, కొత్తవాళ్లు అదంతా ‘బిగుతు’ అనుకుని బారెల్‌కు పైపు తొడిగి మరీ లాగుతారు. ఒకరు అలా లాగి బారెల్‌నే వంచి నా దగ్గరికి తెచ్చారు. స్ప్రింగు చివరలు చదునుగా ఉన్నాయా, కోసిన చోట ముల్లు ఏదైనా మిగిలిందా అన్నది వేలితో తడమండి. నొక్కినప్పుడు స్ప్రింగు కొద్దిగా లావవుతుంది కూడా, కాబట్టి పిస్టన్ లోపల అది స్వేచ్ఛగా తిరిగేంత సందు ఉండాలి.

తోలు వాషరు సంగతి పూర్తిగా వేరు. పిన్ను వేలితో దూరాలి, వాషరు మాత్రం బిగుతుగానే ఉండాలి. గాలిని ముందుకు తరిమేది అదే. వదులుగా జారిపోయే వాషరు వేస్తే గుండు పది మీటర్లు పోవడానికే ఆయాసపడుతుంది. అందుకే దాన్ని వెంటనే కత్తిరించవద్దు, కొత్త తోలు ఎండిపోయి బిర్రుగా ఉంటుంది, అందుకే దిగడం లేదు. తోలు వస్తువులకు వాడే నీట్స్‌ఫుట్ నూనెలో ఒక రాత్రి నాననివ్వండి. కొబ్బరి నూనె వద్దు. ఇంట్లో ఉందని చాలామంది అదే వాడతారు, పుష్యమాసం రాగానే అది సిలిండర్‌లో గడ్డకట్టి కూర్చుంటుంది. తెల్లారి వాషరును తీసి, పైనున్న నూనెను గుడ్డతో గట్టిగా ఒత్తి తుడిచి, పిస్టన్‌కు బిగించి, వేళ్లతో అంచును లోపలికి మడుస్తూ మెలితిప్పుతూ నెట్టండి.

ఇక్కడ ఒక దొంగదెబ్బ ఉంది. వాషరు వెనక నుంచి ముందుకు వెళ్లే దారిలో, సిలిండర్ అడుగున పొడవాటి గాడి ఒకటి దాటాలి. బారెల్ విరిచినప్పుడు పిస్టన్‌ను లాగే కడ్డీ తిరిగే గాడి. దాని లోపలి అంచు కత్తిలా ఉంటుంది. బలవంతంగా నెడితే తోలు పెదవిని చంద్రవంకలా కోసేస్తుంది. బయటికి కనబడదు, బిగించాక గాలి మాత్రం అటు నుంచి పోతుంటుంది. ఆ అంచును ముందు ఒక పుల్లకు చుట్టిన సన్న ఎమెరీ కాగితంతో మెత్తబరచండి, పొట్టంతా తుడిచేయండి. తర్వాత ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కను గొట్టంలా చుట్టి సిలిండర్‌లో పెట్టి, దాని లోపల నుంచి వాషరును జార్చండి. గాడి దాటాక ఫిల్మును లాగేయండి. ఇంట్లో ఏదో ఒక మోకాలి ఎక్స్‌రే ఉండకపోదు.

సరైన బిగువు ఎంత? స్ప్రింగు లేకుండా పిస్టన్‌ను చేత్తో నెడితే నిండుగా, ఎక్కడా ఆగకుండా కదలాలి. సిలిండర్ ముందున్న చిన్న గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి పిస్టన్‌ను తోస్తే గాలి మెత్తటి దిండులా ఎదురు నిలవాలి, చేయి వదిలితే పిస్టన్ కొంచెం వెనక్కి రావాలి. ఇది కుదిరితే వాషరు పని అయిపోయినట్టే. రెండు చేతులూ పెట్టినా కదలకపోతే ఒక రాత్రి సిలిండర్‌లోనే ఉంచి చూడండి, నానిన తోలు దాని ఆకారం పోసుకుంటుంది. అప్పటికీ మొండికేస్తే మాత్రమే, పిస్టన్‌ను మీ మిత్రుడి లేతులో నెమ్మదిగా తిప్పించి సన్న కాగితంతో తోలు అంచును తాకించండి. తాకించడం, తీసి సిలిండర్‌లో చూడటం, మళ్లీ తాకించడం. ఆయన లేతు ఈ పనికి చక్కగా ఉపయోగపడుతుంది. మొదటి పది పదిహేను గుండ్లకు కాస్త పొగ, నూనె వాసన వస్తే కంగారు పడవద్దు. పిస్టన్ ముందు గాలి నలిగి వేడెక్కినప్పుడు మిగిలిన నూనె మండటం అది. ప్రతి గుండుకూ ‘ఠప్పు’మని పెద్ద చప్పుడు వస్తుంటే నూనె ఎక్కువైంది, విప్పి తుడవవలసిందే. ఈ కారణంగానే వాషరుకు ముందు వైపు గ్రీజు రాయకూడదు. మాలిబ్డినం గ్రీజు పిస్టన్ ఒంటికి, స్ప్రింగుకు, అదీ పలచగా.

బారెల్ విరిగే కీలు దగ్గర బిగుతు గురించి మీరు రాయలేదు, కానీ విప్పారంటే అదీ విప్పే ఉంటారు. రెండు పక్కలా కాగితమంత పలచటి వాషర్లు ఉంటాయి, ఒకటి పోగొట్టుకోవడం అందరికీ జరిగేదే. పోతే బారెల్ ఒక పక్కకు వాలుతుంది. బోల్టు ఎంత బిగించాలంటే, బారెల్‌ను విరిచి కొక్కెం పడ్డాక దాన్ని ఏ వాలులో వదిలితే ఆ వాలులోనే, తన బరువుకు కిందికి జారకుండా ఆగి ఉండాలి. అంతే.

చెక్క దగ్గరికి వద్దాం. మీరు ఉత్తరం రాసింది శ్రావణంలో. తుపాకీ విప్పి ఎన్నాళ్లయింది? స్టాకును ఎక్కడ పెట్టారు? చెక్క లోపలి గాడికి చాలా తుపాకుల్లో వార్నిష్ ఉండదు, పచ్చి చెక్కే. ఇనుము దాన్ని కప్పి ఉన్నంతకాలం చెమ్మ తక్కువ పడుతుంది. విప్పి వానాకాలంలో గోడకు ఆనించి పెడితే తాగవలసినంత తాగుతుంది. చెక్క పొడవులో పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది, గాడి ఆకారం మారిపోతుంది. కాబట్టి ఉలి పట్టకముందు దాన్ని ఎండలో కాకుండా గాలి ఆడే గదిలో, పొయ్యికీ గోడకూ దూరంగా, ఒక పది పదిహేను రోజులు పడుకోబెట్టండి. ఎండలో పెడితే బీటలు వారుతుంది. మీ మూడు సమస్యల్లో ఇది ఒక్కటి మీరు ఏమీ చేయకుండానే సగం తీరిపోవచ్చు.

తీరకపోతే కాటుక. హాస్యం కాదు. తుపాకీ చెక్క పనివాళ్లు తరతరాలుగా చేసేది దీపం మసితోనే. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, రెండు చుక్కల నూనెతో కలిపి, ఇనుప భాగం అడుగున వేలితో పలచగా పూయండి. చెక్కలో మెల్లగా దించి, తిన్నగా పైకి తీయండి. ఎక్కడ రాసుకుంటోందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. సాధారణంగా గాడి అంతా బిగుతుగా ఉండదు, రెండు మూడు చోట్ల చింతగింజంత మచ్చలు ఉంటాయి. ఆ మచ్చను మాత్రమే పదునైన ఉలితో గీరండి, తరగవద్దు. మళ్లీ మసి, మళ్లీ దించడం. పది పన్నెండు సార్లు పడుతుంది. విసుగు వస్తే ఆ రోజుకు మూసేయండి. ఒక్క చోటు జోలికి వెళ్లకండి: ముందు వైపు పక్క మరలు కూర్చునే చోటు. కొట్టినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ చాలావరకు చెక్కకు అందేది అక్కడే. అది వదులైతే మరలు ఎంత బిగించినా నాలుగు రోజుల్లో మళ్లీ వదులవుతాయి, గురి చెదురుతుంది. అంతా కూర్చున్నాక గాడి లోపల ఒక్క పూత పలచటి వార్నిష్ కొట్టి ఆరనిస్తే వచ్చే శ్రావణానికి ఈ ఉత్తరం మళ్లీ రాయనక్కర్లేదు.

ఇదే మసి మీ పిన్నుల దగ్గర, బ్లాకు దగ్గర కూడా పనిచేస్తుంది. కర్మాగారాల్లో నీలం రంగు లేపనం వాడతాం, మసి దొరక్కపోతే పిల్లల స్కెచ్ పెన్ను సిరా చాలు. బ్లాకు చుట్టూ పూసి దించి తీస్తే ఏ పక్క రంగు చెరిగిందో అక్కడే అది రాసుకుంటోంది. ఆ ఒక్క గీతను సానరాయితో తాకితే సరిపోయేదానికి చుట్టూ ఆకురాయి పట్టేవాళ్లను చూసి చూసి నాకు ఈ మసి పిచ్చి పట్టింది. మీ దగ్గర వెర్నియర్ ఉన్నా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. అది చూపించే అతి చిన్న కొలత 0.02 మి.మీ., మనం వెతుకుతున్న తేడా అంతకన్నా చిన్నది కావచ్చు.

అన్నీ కుదిరాక మొదటిసారి మీరే బిగించి చూడండి, అమ్మాయి కాదు. బారెల్‌ను విరిచి ఉంచినప్పుడు, గుండు పెట్టేంతసేపూ, ఒక చేత్తో దాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. కొక్కెం జారితే బారెల్ కొరడాలా పైకి లేచి వేళ్లను నలుపుతుంది. గుండు లేకుండా ఖాళీగా పేల్చి చూడవద్దు, ఎదురు గాలి లేని పిస్టన్ సిలిండర్ ముందు గోడను ఢీకొని, మీరు రాత్రంతా నానబెట్టిన తోలును నలగ్గొడుతుంది. గుండు పెట్టి, మందపాటి పలకల వెనక ఇసుక బస్తా ఉంచి, ఇరవై సార్లు కొట్టండి. తర్వాత పిన్నులు పక్కకు జరిగాయేమో చూడండి. ఆ తర్వాత రేంజికి తీసుకువెళ్లి కోచ్ చేత ట్రిగ్గర్ ఒకసారి పరీక్ష చేయించండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. మీ మిత్రుడు పిన్ను నుంచి తీసేద్దామన్నంత. పోటీల స్థాయికి అమ్మాయి చేరితే ముందే నింపిన గాలితో పనిచేసే రైఫిల్ కావాలి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం కొట్టిన విభాగం అది. నిలబడటం, ఊపిరి పట్టడం, ట్రిగ్గర్‌ను మెత్తగా నొక్కడం నేర్చుకోవడానికి తాతయ్య తుపాకీ బాగానే సరిపోతుంది. స్ప్రింగు తన్నే తుపాకీతో కుదురుగా కొట్టడం నేర్చినవాళ్లకు తన్నని తుపాకీ సెలవు దినంలా ఉంటుంది.

ఇక ఆ రెండు వాషర్లు. వేయవద్దు. స్ప్రింగు వెనక వాషర్లు పెడితే పైన చెప్పిన చుట్ల లెక్క తప్పుతుంది, కొక్కెం మీద భారం పెరుగుతుంది, తన్ను పెరిగి గురి చెడుతుంది. పది మీటర్ల కాగితానికి చిల్లు పెట్టడానికి ఉన్న బలమే ఎక్కువ. ఎయిర్ రైఫిల్ దెబ్బ బలం ఒక హద్దు దాటితే చట్టం దాన్ని బొమ్మ తుపాకీగా చూడదు, లైసెన్సు అడుగుతుంది. లేతు పనికి మీ మిత్రుడికి మంచి కాఫీ ఇచ్చి, ఆ వాషర్లు కూడా తిరిగి ఇచ్చేయండి.